బోరు పాయింటు చెప్పే ‘మెదడు’: ఒక వాట్సాప్ సందేశానికి జవాబు

నల్లగొండ జిల్లా మునుగోడు దగ్గర పొలమున్న మా బావమరిది పోయిన వారం ఒక వాట్సాప్ సందేశం పంపాడు. ఎన్ని చేతులు మారి వచ్చిందో దాని నెత్తిమీది బాణం గుర్తులే చెబుతున్నాయి. సారాంశం ఇది: “మనిషి మెదడులా ఆలోచించే న్యూరల్ నెట్‌వర్క్ వచ్చేసింది. ఫోనులో పొలం చూపిస్తే బోరు ఎక్కడ వేయాలో 99 శాతం కచ్చితంగా చెబుతుంది. వాన, వరద అన్నీ అదే చెబుతుంది. ఇక భూగర్భ శాస్త్రవేత్తతో పని లేదు.” దాని కింద అతని ప్రశ్న: “బావా, నాలుగో బోరు దీన్నడిగే వేద్దామా?”

మూడు బోర్లలో డబ్బు పోసి దుమ్ము చూసినవాడు అడిగాడు. నవ్వి ఊరుకోలేకపోయాను. లెక్కలు చెప్పే మాస్టారిని కాబట్టి లెక్కతోనే జవాబు.

‘మెదడులా’ అన్నది పేరు వరకే. 1943లో మెక్‌కలక్, పిట్స్ అనే ఇద్దరు పరిశోధకులు నరాల కణానికి ఒక గణిత నమూనా రాశారు, పేరు అక్కడి నుంచి వచ్చింది. లోపల జరిగేది ఎక్కువగా గుణకారం, కూడిక. ఈ నెల వాన, పోయిన నెల నీటిమట్టం వంటి అంకెలను తలా ఒక బరువుతో గుణించి కూడుతుంది. జవాబు తప్పితే ఆ తప్పును వెనక్కి పంచి బరువులను కొద్దికొద్దిగా సరిచేసుకుంటుంది. ఈ వెనక్కి పంచే పద్ధతికి 1986లో రుమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ రాసిన వ్యాసంతో పేరొచ్చింది. గొప్ప లెక్కే, కాదనను. కానీ మనం ఇవ్వని అంకె దానికి తెలియదు.

ఇక 99 శాతం. ఒక ఊళ్లో వందకు 80 బోర్లలో నీళ్లు పడ్డాయనుకోండి. అడిగిన ప్రతివాడికీ ‘పడతాయి’ అనే చిలక జోస్యానికి కూడా 80 మార్కులు వస్తాయి. పైగా, నేర్పిన బోర్ల పక్క బోర్లతోనే పరీక్ష పెడితే, గైడులోని లెక్కనే ప్రశ్నపత్రంలో ఇచ్చినట్టు. మన జిల్లా నాంపల్లి మండలం బోర్లతో నేర్పి, దానికి ఎన్నడూ చూపని మర్రిగూడ మండలం బోర్లతో పరీక్షించారా? సందేశంలో ఆ ఊసే లేదు.

అసలు చిక్కు మన నేలలోనే ఉంది. కింద గ్రానైటు. మెత్తబడిన పై పొర దాటితే నీళ్లుండేది రాతి పగుళ్లలోనే. ఒకచోట రెండించుల నీళ్లు, ముప్పై అడుగుల అవతల తెల్లటి దుమ్ము. పెద్ద పగుళ్ల జాడ ఉపగ్రహ చిత్రంలో కొంత దొరుకుతుంది. మూడు వందల అడుగుల లోతులోని సన్న పగులు దొరకదు. అంతకన్నా పెద్ద లోపం ఇంకొకటి: నీళ్లు పడ్డ బోరుకు మోటారు వస్తుంది, కరెంటు కనెక్షన్ వస్తుంది, లెక్కలోకి ఎక్కుతుంది. పడని బోరు మీద బండ కప్పి మరిచిపోతాం. మా బావమరిది పొలంలో అలాంటి బండలు మూడున్నాయి. ఆ మూడూ ఏ లెక్కలోనూ లేనప్పుడు, నెట్‌వర్క్‌కు ఆ పొలం అంతా నీళ్లే అనిపించదా?

‘వరద కూడా’ అన్నారు. 2009 అక్టోబరులో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. జలాశయాన్ని కట్టినప్పుడు ఊహించిన గరిష్ఠ వరద 19 లక్షలే. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అలంపురం మునిగింది. అంతకుముందు రికార్డులతో నేర్పిన నెట్‌వర్క్‌ను ఆ వారం అడిగి ఉంటే? కొన్ని నమూనాల్లో జవాబు పాత రికార్డుల గరిష్ఠాన్ని దాటకుండా కట్టి నేర్పుతారు. అలాంటిది ఆ గీత దాటి చెప్పనే చెప్పలేదు.

అలాగని అంతా బూటకమనను. 2023లో గూగుల్ డీప్‌మైండ్ ప్రకటించిన గ్రాఫ్‌కాస్ట్ అనే న్యూరల్ నెట్‌వర్క్ పది రోజుల వాతావరణాన్ని నిమిషంలోపే లెక్కగడుతుంది. ప్రపంచమంతటా కూర్చిన 39 ఏళ్ల రికార్డు దాని వెనక ఉంది. అయినా అది భూమిని గడులుగా విడదీసి చూస్తుంది, ఒక్కో గడి వెడల్పు దాదాపు 28 కిలోమీటర్లు. మునుగోడు, చండూరు ఒకే గడిలో పడినా ఆశ్చర్యం లేదు. భూగర్భ జల శాఖ నెలనెలా కొలిచే పరిశీలక బావుల్లో వచ్చే నెల నీటిమట్టం ఎంతో అడగండి, ఈ లెక్క చక్కగా పనికొస్తుంది. బోరు పాయింటు అడగడం వేరే ప్రశ్న.

నీళ్లు పడ్డా, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించి ఫ్లోరైడు ఉంటే తాగడానికి పనికిరావు. నల్లగొండలో ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. సందేశం రాసినవాడికి మాత్రం ఈ జిల్లా తెలియదు.

బావమరిదికి ఫోను చేసి చెప్పాను: నేలలో నాలుగు కడ్డీలు దిగేసి కరెంటు పంపి రాతి నిరోధం కొలిచే శాస్త్రవేత్తనే పిలిపించు, ఆయనకు పాత బోర్ల లోతులు చెప్పు. “లోతులు ఎవరికి గుర్తు బావా?” అన్నాడు. బోరు బండివాడు అడుగుల లెక్కన డబ్బు తీసుకున్నాడు కదా, రసీదులు వెతకమన్నాను. ట్రంకు పెట్టెలో రెండు దొరికాయి. ఒకటి 320 అడుగులు, ఒకటి 450. మూడోదాన్ని చెదలు తిన్నాయి.