ఉక్కు గోళం సరే, స్టిల్ట్ పిల్లర్ల సంగతేంటి?

2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు అడవుల కింద భూమి 5.3 తీవ్రతతో కదిలితే హనుమకొండ అపార్ట్‌మెంట్ల జనం పిల్లల్ని ఎత్తుకుని రోడ్డు మీదికొచ్చారు. అప్పటి నుంచి ఎత్తైన భవనాల మాటొస్తే చాలు, తైవాన్‌లోని తైపీ 101 టవర్‌లో ఊపు తగ్గించేందుకు వేలాడదీసిన 660 టన్నుల ఉక్కు గోళం ప్రస్తావనే. గోళం గొప్పదే. కానీ అది ముఖ్యంగా తుపాను గాలులకు ఊగే 508 మీటర్ల టవర్ కోసం పెట్టింది. మన దగ్గర లేస్తున్నవి స్టిల్ట్ మీద, అంటే పార్కింగ్ కోసం గోడల్లేకుండా వదిలిన పిల్లర్ల మీద, ఐదంతస్తులు. వీటి బలం తేలేది పార్కింగ్‌లోనే.

పై అంతస్తుల్లో గదిగదికీ ఇటుక గోడలుంటాయి కాబట్టి అవన్నీ ఒకే పెట్టెలా బిగుసుకుని కదులుతాయి. కార్ల కోసం గోడలు ఎత్తేసిన కింద మాత్రం పిల్లర్లే దిక్కు. వంగాల్సిందంతా అక్కడే వంగుతుంది. 2001లో భుజ్ భూకంపానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి ఇదే జబ్బు.

కడుతున్న ఏ సైట్‌కైనా వెళ్లి పిల్లర్ రింగులు, అంటే నిలువు కడ్డీలను చుట్టి పట్టుకునే ఇనుప రింగులు, చూడండి. రింగు కొస 135 డిగ్రీలు వంగి పిల్లర్ లోపలికి దిగి ఉండాలి. 90 డిగ్రీలకే వదిలేస్తే, ఊపుకు పైపొర రాలగానే రింగు విచ్చుకుంటుంది, నిలువు కడ్డీలు బయటికి ఉబ్బుతాయి, పిల్లర్ కూలబడుతుంది. పనివాడి చేతిలో ఇంకొంచెం వంపు, అంతే తేడా! అయినా భూకంపాలకు తట్టుకునే కట్టడాల కోసం 2016లో వచ్చిన కోడ్ దీన్ని జోన్-3 నుంచే తప్పనిసరి చేసింది (జోన్ అంకె పెరిగేకొద్దీ భూకంప ముప్పు ఎక్కువని లెక్క). అప్పటి మ్యాప్‌లో తెలంగాణలో ఎక్కువ భాగం జోన్-2. మ్యాప్ మీద గీత చూసి భూకంపం ఆగుతుందా?

జోన్-2లో ఇంత టెన్షన్ దేనికి, ఖర్చు తప్ప అని బిల్డర్లంటారు. 1993లో వేల మందిని పొట్టన పెట్టుకున్న లాతూర్ భూకంపం వచ్చింది అప్పటి మ్యాప్‌లో అన్నిటికన్నా సురక్షితమన్న జోన్-1లోనే.

ఇంకో మాట. ఇంజినీర్ గీసిన డ్రాయింగ్‌ను నిజం చేసేది రాడ్ బెండింగ్ పనివాడు. వాళ్లలో చాలామంది సైట్‌లో పక్కవాణ్ని చూసి నేర్చుకున్నవాళ్లే. 1213 నాటి రామప్ప గుడి ఇసుక పునాదికి మురిసిపోతాం, ఆ శిల్పుల విద్యను పొగుడుతాం. ఈనాటి పనివాడికి విద్య నేర్పడం మాత్రం ఎవరి బాధ్యతా కాదు. కాజీపేటలో నిట్ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, ఊరూరా ఐటీఐలున్నాయి. నేర్చుకునే రోజులకు కూలీ ఇచ్చి మరీ ఈ పనివాళ్లకు అక్కడ నేర్పించాలి. కాంక్రీటు పోయకముందే ప్రతి స్టిల్ట్ పిల్లర్ రింగుల ఫొటో మున్సిపల్ ఫైల్లో చేరాలి. ఆ ఫొటో లేని బిల్డింగ్‌కు జనం చేరొచ్చని చెప్పే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వకూడదు.