అరువు డిఫెండర్

"నిన్ను లోన్ మీద పంపిద్దామనుకుంటున్నాం రా" అన్నాడు మా కెప్టెనన్న, బూట్ల లేసులు విప్పుకుంటూ.

నాకు 19 ఏళ్లు. ఆదివారం పొద్దున్నే ఆడే ఒక ఫుట్‌బాల్ టీమ్‌లో సెంటర్ బ్యాక్‌ని, అంటే మా గోల్ ముందు నడిమధ్యన కాపలా కాసే డిఫెండర్‌ని. పేరుకే సెంటర్ బ్యాక్ గానీ, ఆ సీజన్‌లో నేను ఎక్కువగా కాపలా కాసింది టచ్‌లైన్ పక్కనున్న వాటర్ బాటిళ్లకే. ఇంకో టీమ్‌లో ఇద్దరు డిఫెండర్లకి ఒకేసారి మోకాళ్లు దెబ్బతిన్నాయి. వాళ్లకి మనిషి కావాలి, మావాళ్లకి బెంచీ మీద చోటు కావాలి. ఇదీ అసలు సంగతి. అన్న మాత్రం ఆ ముక్క ఎత్తకుండా, "అక్కడైతే వారం వారం ఆడతావు. డిఫెండర్ తయారయ్యేది మ్యాచ్‌లోనే" అన్నాడు.

దాంతో నా కాళ్లు నేల మీద నిలవలేదు. బెన్ వైట్ అనే డిఫెండర్‌ని ఇంగ్లండ్‌లో బ్రైటన్ క్లబ్ వాళ్లు 2019-20లో లీడ్స్ క్లబ్‌కి ఇలాగే లోన్ మీద పంపిస్తే, 46 లీగ్ మ్యాచ్‌లూ ఆడి ఆ టీమ్ అక్కడి పైమెట్టు ప్రీమియర్ లీగ్‌కి ఎక్కేదాకా వదల్లేదు. సలీబా అనే ఇంకో డిఫెండర్‌ని ఆర్సెనల్ క్లబ్ 2019లో కొని, ఫ్రాన్స్‌లో మూడు క్లబ్బులకి అరువిచ్చి, 2022లో గానీ తన తరఫున లీగ్‌లో దించలేదు. ఆ వరసలో మూడోవాణ్ని నేనే అని ఖాయం చేసుకుని ఇంటికొచ్చాను.

"లోనా? ఎంత తీసుకున్నావు?" అన్నాడు తాతయ్య.

"నేను తీసుకోలేదు తాతయ్యా. నన్నే తీసుకున్నారు."

లోపల్నుంచి అమ్మ టెన్షన్‌తో పరిగెత్తుకొచ్చింది. ఇద్దరినీ కూర్చోబెట్టి మొదట్నుంచీ చెప్పాను. తాతయ్యకి ఫుట్‌బాల్ తెలీదు గానీ అప్పుల గురించి చాలా తెలుసు.

"గడువెంత?"

"ఈ సీజన్ అయ్యేదాకా. పెద్ద ఆటగాళ్లకైనా ఒక ఒప్పందం ఏడాది దాటకూడదని 2022లో ఫిఫా రూలు పెట్టింది."

"వడ్డీ?"

"ఉండదు. పెద్ద క్లబ్బులైతే ఫీజు అడుగుతాయి, జీతంలో వాటా వేసుకోమంటాయి."

"నిన్ను తీసుకున్నవాళ్లు ఇంకొకడికి అరువిచ్చేస్తే?"

"కుదరదు. దానికీ రూలుంది."

తాతయ్య ఫిఫా మీద గౌరవంగా తలూపాడు. "పర్లేదురా. అప్పిచ్చినవాడు ఎప్పుడూ తీసుకున్నవాడి బాగే కోరతాడు. లేకపోతే ఇచ్చింది తిరిగి రాదుగా" అన్నాడు. మా కెప్టెన్ పెద్దమనసు నాకు అప్పుడు పూర్తిగా అర్థమైందనుకున్నాను.

కొత్త టీమ్‌లో మొదటి మూడు వారాలూ నిజంగానే బాగా గడిచాయి. బంతిని కాకుండా మనిషి నడుముని చూడటం నేర్చుకున్నాను. కాళ్లు ఎన్ని వేషాలైనా వేస్తాయి గానీ నడుము ఎటు తిరిగితే మనిషి అటే పోతాడు. తొందరపడి నేలమీద జారి ట్యాకిల్ చేసే జబ్బు కూడా తగ్గింది. చిక్కల్లా మాటల దగ్గరే వచ్చింది. డిఫెండర్లు నలుగురూ ఒకే గీత మీద, ఒకేసారి ముందుకు కదలాలి. అప్పుడే వాళ్ల వెనక మిగిలిపోయిన అవతలి స్ట్రైకర్ ఆఫ్‌సైడ్‌లో చిక్కుతాడు, అంటే బంతి అందుకుని గోల్ కొట్టినా చెల్లదు. మా పాత టీమ్‌లో కెప్టెనన్న రెండు చప్పట్లు కొడితే కదిలేవాళ్లం. ఇక్కడ గోల్‌కీపర్ "పైకి!" అని అరిస్తే కదలాలి. నాలుగేళ్ల చప్పట్లని చెవుల్లోంచి తీసెయ్యడానికి మూడు వారాలు చాలలేదు.

ప్రీమియర్ లీగ్‌లో లోన్ మీద వెళ్లినవాడు సొంత క్లబ్ మీద ఆడకూడదు. ఆ నియమం పెట్టినవాళ్లు నాలాంటివాణ్ని ఎవణ్నో చూసే ఉంటారు. మా ఆదివారం లీగ్‌లో అలాంటిదేమీ లేదు. నాలుగో వారం మ్యాచ్ మా పాత టీమ్‌తోనే.

పదో నిమిషంలో బంతి వాళ్ల దగ్గరుంది. అటు చివర కెప్టెనన్న తన డిఫెన్స్‌ని పైకి తెచ్చుకోవడానికి రెండు చప్పట్లు కొట్టాడు. వాళ్ల నలుగురూ కదిలారు. ఇటు చివర నేనూ కదిలాను. ఎంత క్రమశిక్షణతో కదిలానంటే, నేను కాయాల్సిన స్ట్రైకర్‌ని దాటుకుని, "ఎక్కడికిరా!" అన్న మా కీపర్ కేకనీ దాటుకుని వెళ్లిపోయాను. మిగతా ముగ్గురూ ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు కాబట్టి ఆఫ్‌సైడ్ కూడా లేదు. స్ట్రైకర్ తాపీగా గోల్ కొట్టి, వెళ్తూ వెళ్తూ నాకు థ్యాంక్స్ చెప్పాడు.

రెండోది ఇంకా ఘోరం. కీపర్‌కి బంతి వెనక్కిచ్చేటప్పుడు గోల్ పోస్టుకి బయటగా ఇవ్వాలని చిన్నపిల్లలకి కూడా నేర్పిస్తారు. అతనికి అందకపోయినా పోయేది కార్నరే. మా పాత కీపర్‌ది ఎడమ కాలి వాటం, ఎప్పుడూ ఎడమ పోస్టు బయట నిలబడేవాడు. నేను తల తిప్పకుండానే అటు కొట్టాను. కొత్త కీపర్ కుడివైపున చేతులూపుతున్నాడు. బంతి కనీసం పోస్టు బయటికైనా పోవాలి కదా! నా గురి అంత గొప్పదైతే నన్ను అరువెందుకిస్తారు?

సలీబా కూడా ఆర్సెనల్ తరఫున రెండో లీగ్ మ్యాచ్‌లో, లెస్టర్ మీద, సొంత గోల్ చేసుకున్నాడు. జనం తిట్టకపోగా చప్పట్లు కొట్టారు. నాకూ కొట్టారు. కాకపోతే కొట్టింది అవతలి టీమ్.

మ్యాచ్ అయ్యాక మా కొత్త కెప్టెన్ నా భుజం పట్టుకుని అన్న దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఇదిగోండి, మీవాడు. తీసేసుకోండి."

"అయ్యో, అలా ఎలా?" అన్నాడు అన్న, నొచ్చుకుంటూ. "సీజన్ అయ్యేదాకా అనుకున్నాం కదా. మధ్యలో వెనక్కి తీసుకుంటామని ఎక్కడా అనుకోలేదు. అక్కడే ఉండనివ్వండి, కుర్రాడు బాగా డెవలప్ అవుతున్నాడు."

నా వైపు తిరిగి కన్ను కొట్టాడు. "మనకి వీళ్లతో ఇంకో మ్యాచ్ ఉందిరా."

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. తాతయ్య కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"తీసుకున్నవాడు ముందుగానే తీర్చేస్తానన్నాడా?"

"అన్నాడు."

"ఇచ్చినవాడు వద్దన్నాడా?"

"అవును తాతయ్యా."

కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"ఆ రెండో మ్యాచ్ ఎప్పుడన్నావు? నేనూ వస్తాను."