ఏడిళ్ళు

(రాత్రి ఎనిమిదిన్నర. బీరువా తలుపు బార్లా తెరిచి ఉంది. కింది అరలో, సుబ్బారావు పట్టుపంచె మీద, నాలుగు పిల్లికూనలూ వాటి తల్లీ.)

సుబ్బారావు: ఏమేవ్! ఇటు రా! నీ ముద్దుల పిల్లి నా పట్టుపంచెలో పురుడు పోసుకుంది!

కామేశ్వరి: అరవకండి. పురుడు పక్కింటి అటక మీద అయింది. కళ్ళు తెరిచాయిగా, అంటే అప్పుడే వారం పది రోజులైనట్టు. ఇప్పుడు మనింటికి మకాం మార్చింది, అంతే.

సుబ్బారావు: ఊళ్ళో దానికి నా పంచే దొరికిందా?

కామేశ్వరి: బీరువా తలుపు వెయ్యమని ముప్ఫై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను.

సుబ్బారావు: అసలెందుకు మారడం? అద్దె కట్టలేదా?

కామేశ్వరి: ఒక్కచోటే ఉంటే గండుపిల్లి పసిగట్టి వస్తుంది. కూనల్ని చంపేస్తుంది. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని ఊరికే అన్నారా? అటక ఒకటి, మేడ మీద ట్యాంకు కింద ఒకటి, మనది మూడోది.

సుబ్బారావు: ఇంకా నాలుగున్నాయిగా, త్వరగా సాగనంపు. ఛీ ఛీ, ఆ వెనకవైపు నాకుడేమిటే?

కామేశ్వరి: మూడు వారాల దాకా వాటంతట అవి పోసుకోలేవు. తల్లి నాకితేనే వస్తుంది. అదీ తనే మింగేస్తుంది, వాసన బయటికి పొక్కకుండా. అందుకే మీ పంచె ఇంకా పొడిగా ఉంది. మన పెద్దాడు ఒక్కసారి మీ ఒళ్ళో పోస్తే ఏం చేశారు?

సుబ్బారావు: ఆఫీసుకి టైమైందని లేచాను.

కామేశ్వరి: ఆ రోజు ఆదివారం.

సుబ్బారావు: అయ్యయ్యో, మెడ కొరికేస్తోంది చూడవే!

కామేశ్వరి: కొరకడం కాదు. మెడ వెనక వదులు చర్మం పట్టుకుంటే కూన కాళ్ళు ముడుచుకుని మెత్తగా వేలాడుతుంది. ఎలకని చంపే పళ్ళే అవి, కూనకి గాటైనా పడదు.

సుబ్బారావు: మా నాన్న అనేవారు, మార్జాల కిశోర న్యాయమని. కోతిపిల్ల తల్లిని తనే కరుచుకోవాలి. పిల్లికూనకి ఆ కష్టమూ లేదు, భారమంతా తల్లిదే.

కామేశ్వరి: మనింట్లోనూ ఆ న్యాయమేగా. మీ కళ్ళజోడు ఎక్కడుందో నేనే చెప్పాలి. నుదుటి మీద ఉంది, దింపండి.

సుబ్బారావు: ఎక్కడికి మోసుకుపోతోంది?

కామేశ్వరి: మీ అరుపులకి భయపడి నాలుగో ఇంటికి.

సుబ్బారావు: మనింట్లో ఏం తక్కువైందట? పట్టు పరిచాం కదే!

(ఒకటి, రెండు, మూడు. ఆఖరి కూన సన్నగా కీచుమంటోంది. పావుగంటైనా తల్లి రాలేదు. సుబ్బారావు వెళ్ళి టీవీ కట్టేశాడు. ఫ్యాన్ కూడా.)

కామేశ్వరి: ఫ్యానెందుకండీ?

సుబ్బారావు: ష్! కూనకి చలి.

(పిల్లి వచ్చింది, నాలుగోదాన్నీ కరుచుకుపోయింది. కాసేపటికి ఖాళీ నోటితో మళ్ళీ వచ్చి, పంచె మడతలన్నీ వాసన చూస్తోంది.)

సుబ్బారావు: నాలుగూ పట్టుకెళ్ళావు కదే, ఇంకేం కావాలి?

కామేశ్వరి: ఏదైనా ఉండిపోయిందేమోనని చూసుకుంటోంది. మీలా కాదు. బదిలీ అయినప్పుడు సామర్లకోట ప్లాట్‌ఫారం మీద పదకొండు సామాన్లూ లెక్కపెట్టి మరీ రైలెక్కించి, చిన్నాణ్ణి బెంచీ మీద వదిలేశారు.

సుబ్బారావు: పన్నెండు. కూజా మర్చిపోయావు.