మా మెట్ల కింది 20 యాంప్స్ ఎంసీబీ గారికి

ఎంసీబీ గారూ,

నమస్కారం పెట్టాలంటే చెయ్యి రావట్లేదు గానీ మర్యాద మర్యాదే. కరెంటు మితిమీరితే తనంతట తానే పడి లైను ఆపేసే స్విచ్చు మీరు. నల్లగొండలో రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ, రాత్రి పదింటికి కూడా కాపురాల గుట్ట మీద రాయి వేడి దిగదు, అలాంటి పూట ఏసీ వేసుకుని కన్ను అంటుకునే సమయానికి మీరు టక్‌మని పడతారు. నేను ఫోన్ లైటు వేసుకుని మెట్లు దిగి, మిమ్మల్ని లేపి, మళ్లీ మంచం ఎక్కుతాను. ఇరవై నిమిషాలు. టక్.

వారం ఇదే సంసారం.

మొదట వచ్చిన మెకానిక్ మీ ముఖం కూడా చూడలేదు. "గ్యాస్ అయిపోయింది సార్" అని రెండున్నర వేలు పట్టుకుపోయాడు. గ్యాస్ తగ్గితే గది చల్లబడదు గానీ మామూలుగా కంప్రెసర్ కరెంటు ఎక్కువ లాగదట. ఈ సంగతి డబ్బు పోయాకే తెలిసింది, మా ఇంట్లో అదే ఆనవాయితీ.

తర్వాత మా బామ్మర్ది. "ఇరవై తీసేసి ముప్పై రెండు పెట్టు బావా, ఇంక పడితే నన్నడుగు." తెచ్చాను కూడా (టీవీ వెనక దాచాను, మీరు బాధపడతారని). గోడలో ఉన్నదేమో 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, ముప్పై రెండుకు చాలనిది. అది పెట్టాక ఎప్పుడైనా కరెంటు ఎక్కువ లాగితే మీ వారసుడు రాయిలా నిలబడేవాడు, వైరు గోడలోనే వేగేది.

చివరికి గడియారం సెంటర్ వైపు నుంచి ఒక పెద్దాయన, కరెంటు పని చేసే ఆయన వచ్చి ఒక్కటే అడిగాడు: "వేయంగనే పడుతదా, కొంచెంసేపు నడిచినంక పడుతదా?" వేయగానే పడితే అది మీలోని కాయిల్ పనట, షార్టో, కెపాసిటర్ పోయి కంప్రెసర్ కదల్లేక ఒక్కసారిగా లాగడమో. నింపాదిగా పడితే మీలోని రెండు లోహాల పట్టీ వేడెక్కి వంగుతోందన్నమాట. ఒకటిన్నర టన్ను ఏసీ, వైరుకు తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెడితే ఎనిమిది యాంప్స్ దాటలేదు. ఎనిమిదికే ఇరవై గారికి అంత వేడి ఎక్కడిది?

మెయిన్ ఆపి మూత తీశాడు. వైరు చివర నల్లగా మాడింది. బిగించాల్సిన స్క్రూ వేలితో తిరిగింది.

"నీకు స్క్రూ లూజా" అని అర్ధరాత్రి మెట్ల మీద నిలబడి మిమ్మల్ని ఎన్నిసార్లు తిట్టానో గుర్తుందా? అక్షరాలా అదే. కాకపోతే తప్పు మీది కాదు, కిందటి ఏడు ఏసీ బిగించినప్పుడు అక్కడ ఎవ్వరూ గట్టిగా తిప్పలేదు, ఆ లూజు పుట్టించిన వేడికి మీరు మాడుతూ కూడా మీ డ్యూటీ చేశారు.

మీ ఒళ్లు కూడా కరిగిందని పెద్దాయన మిమ్మల్ని తీసేసి కొత్తది, ఇరవైదే, పెట్టాడు. మీరిప్పుడు కిటికీలో ఉన్నారు. దుకాణం వాడు ముప్పై రెండు వాపసు తీసుకోనన్నాడు. బామ్మర్ది తనకిమ్మంటున్నాడు, వాళ్ల ఏసీ కూడా ఈ మధ్య పడుతోందట.

ఇట్లు,
మీ పై అంతస్తు