పోగు ఎక్కడ తెగుతుందో చెప్పని పరీక్ష సగం పరీక్షే

కాగితం తయారుచేసే మిషన్ మీద కాగితం పదేపదే తెగుతుంటే అనుమానం ముందు గుజ్జు (కలపను ఉడికించి విడదీసిన పోగుల ముద్ద) మీదికే వెళ్తుంది. గుజ్జు తయారుచేసినవాళ్లు ల్యాబ్ రిపోర్టు చూపిస్తారు: టెన్సైల్ (లాగుడుకు తట్టుకునే బలం) సరిపోయింది, విస్కాసిటీ (కరిగించిన గుజ్జు చిక్కదనం, సెల్యులోజ్ గొలుసుల పొడవుకు గుర్తు) బాగానే ఉంది. ఆ అంకెలు తప్పు కాకపోవచ్చు. కానీ అవన్నీ సగటులు. లాగినప్పుడు పోగు తెగేది తనలోని అతి బలహీనమైన చోట. ఆ చోటును పట్టుకునే పరీక్ష ఆ రిపోర్టులో సాధారణంగా ఉండదు. నాణ్యత పరీక్షల్లో ఉన్న పెద్ద లోటు ఇదే.

హ్యాండ్‌షీట్ (ల్యాబులో చేసిన నమూనా కాగితం) టెన్సైల్‌నే తీసుకుందాం. చదరపు మీటరుకు 60 గ్రాముల షీటు చేసి, 23 డిగ్రీల ఉష్ణోగ్రత, 50 శాతం తేమలో ఆరబెట్టి లాగితే వచ్చే అంకెలో మూడు విషయాలు కలిసిపోయి ఉంటాయి: పోగు సొంత బలం, దాని పొడవు, పోగుల మధ్య అతుకు. 1969లో కాగితం శాస్త్రవేత్త డెరెక్ పేజ్ ఇచ్చిన సమీకరణం చెప్పేదీ ఇదే. బీటింగ్ (గుజ్జును నీటిలో నలగగొట్టడం) పెంచితే అతుకు పెరుగుతుంది, టెన్సైల్ పైకి పోతుంది. ఆ బీటింగ్‌లో పోగులు కొంత దెబ్బతిన్నా అంకె మాత్రం మెరుగ్గానే కనిపిస్తుంది. టెన్సైల్ ఎక్కువగా ఉంది కాబట్టి పోగు గట్టిదని అనుకోవడం అందుకే పొరపాటు.

అతుకు ప్రభావాన్ని పక్కన పెట్టడానికి ఉన్న పద్ధతి జీరో స్పాన్ పరీక్ష. రెండు దవడలను దాదాపు తాకించి, వాటి మధ్య షీటు పట్టీని బిగించి లాగుతారు. పోగులు రెండు వైపులా పట్టులో ఉంటాయి కాబట్టి జారిపోలేక తెగుతాయి. పట్టీని నీటిలో తడిపి, అద్దుడు కాగితంతో అదనపు నీరు తీసి లాగితే అతుకు వాటా ఇంకా తగ్గుతుంది. పొడి పట్టీ మీద వచ్చిన విలువ బీటింగ్‌తో మారుతుంది కనుక పోగు బలానికి తడి విలువనే నమ్మాలి. పోగులు అన్ని దిక్కులకూ పరుచుకున్న షీటులో ఈ విలువ పోగు అసలు బలంలో 3/8 వంతు మాత్రమే. అందుకే పోగు బలం కావాలంటే 8/3తో గుణిస్తారు.

ఈ పరీక్ష చెడిపోయేది ఎక్కువగా బిగింపు దగ్గరే. ఒత్తిడి చాలకపోతే పోగులు జారి విలువ తక్కువ వస్తుంది, మరీ ఎక్కువైతే దవడల అంచున పోగులు నలిగిపోతాయి. ఒత్తిడిని మెల్లగా పెంచుతూ విలువ నిలకడగా ఉండే పరిధిని ప్రతి రకం గుజ్జుకూ విడిగా వెతకాలి. ఒక గుజ్జుకు కుదిరిన ఒత్తిడినే అన్నిటికీ వాడితే పోలిక చెల్లదు. దవడలు అరిగినా, వరస తప్పినా అదే గొడవ. తెలిసిన రిఫరెన్సు కాగితంతో తరచూ సరిచూసుకోవాలి. పోగులు వంకర తిరిగి ఉంటే అవన్నీ ఒకేసారి బరువు మోయవు, అప్పుడు కూడా విలువ పడిపోతుంది. ఆ తగ్గుదల వంకర వల్లనా, నిజమైన బలహీనత వల్లనా అని తేల్చాలంటే ల్యాబులో బీటింగ్‌కు వాడే పీఎఫ్ఐ మిల్లులో కొద్దిగా బీటింగ్ చేసి మళ్లీ కొలవాలి. పోగులు నిటారవుతాయి, వంకర వల్ల పోయిన బలం చాలావరకు తిరిగొస్తుంది.

ఇంత జాగ్రత్తగా చేసినా జీరో స్పాన్‌కు ఒక పరిమితి ఉంది. మెత్త కలప పోగు పొడవు దాదాపు 3 మి.మీ., గట్టి కలపది దాదాపు 1 మి.మీ. దవడల మధ్య బరువు పడే ముక్క అందులో అతి చిన్న భాగం. పోగులో అక్కడక్కడ ఉన్న బలహీనమైన చోటు సరిగ్గా ఆ సందులోనే పడే అవకాశం చాలా తక్కువ. కనుక ఈ పరీక్ష చెప్పేది పోగు గోడ బలం గురించే.

ఆ బలహీనమైన చోట్లు అంటే గోడలోని సెల్యులోజ్ సూక్ష్మ తంతువులు నలిగి, దిశ తప్పిన ప్రాంతాలు. ధ్రువిత కాంతి సూక్ష్మదర్శినిలో పోగు మొత్తం చీకటిగా కనిపించేలా తిప్పితే ఇవి మెరిసే అడ్డుగీతల్లా బయటపడతాయి. ఇవి కొంత చెట్టులోనే ఏర్పడతాయి. మిగతావి కలపను ముక్కలు చేసే చిప్పర్ కత్తుల దగ్గర, ఆ ముక్కలను ఉడికించే డైజెస్టర్ నుంచి వేడిగా, ఒత్తిడితో గుజ్జు బయటికి దూకేటప్పుడు, 10 నుంచి 12 శాతం చిక్కదనంలో పంపులు, మిక్సర్లు నలిపేటప్పుడు ఏర్పడతాయి.

వాటిని లెక్కపెట్టడానికి ఆమ్ల పద్ధతి ఉంది. దీన్ని ల్యాబులు ఇంతకంటే విరివిగా వాడాలి. గుజ్జును 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 80 డిగ్రీల దగ్గర 4 గంటలు ఉంచుతారు. నలిగిన చోట ఆమ్లం త్వరగా లోపలికి చొరబడి పోగును బలహీనపరుస్తుంది, ఆ తర్వాత మామూలు కలియబెట్టుడుకే అది అక్కడ తెగుతుంది. ఆమ్లానికి ముందూ తర్వాతా ఫైబర్ అనలైజర్‌లో పొడవు కొలిచి, మొదటి పొడవును రెండోదానితో భాగించి 1 తీసేస్తే పోగుకు సగటున ఎన్ని చోట్ల తెగిందో వస్తుంది. పొడవు 2.4 నుంచి 1.2 మి.మీ.కు పడితే పోగుకు ఒక చోట తెగినట్టు. ఈ లెక్కకు సంఖ్యా సగటు పొడవు వాడాలి. పొడవు తూకంతో వేసిన సగటు పెడితే అంకె తేడా వస్తుంది. తుక్కు పోగులను తీసేసే హద్దును రెండుసార్లూ ఒకేలా ఉంచాలి. అదే వేడిలో, అంతే సేపు నీటిలో ఉంచిన మరో నమూనా తప్పనిసరి. అది లేకుండా తెగినదంతా ఆమ్లం ఖాతాలో వేయడం కుదరదు. కలియబెట్టే వేగం, సమయం మారినా ఫలితం మారిపోతుంది.

విస్కాసిటీని నమ్ముకోవడంలోనూ ఇదే చిక్కు. సెల్యులోజ్ గొలుసులు పోగు పొడవునా సమంగా చిన్నవైతే బలం కొంతకాలం నిలుస్తుంది. అదే నష్టం కొన్ని చోట్లే కేంద్రీకృతమైతే విస్కాసిటీ అంతే ఉన్నా పోగు ముందే తెగుతుంది. రెండు గుజ్జులకు ఒకే విస్కాసిటీ ఉందని ఒకే బలం ఆశించలేం.

నష్టం ఎక్కడ జరుగుతోందో తేల్చడానికి కలప ముక్కలను (చిప్స్) చిల్లుల బుట్టలో పెట్టి డైజెస్టర్‌లోనే వేలాడదీసి ఉడికించే పద్ధతి ఉంది. బ్లో (ఒత్తిడితో బయటికి దూకడం) దెబ్బ తగలని ఆ గుజ్జును బ్లో ట్యాంకు (అలా దూకిన గుజ్జు వచ్చి పడే తొట్టి), వాషర్, బ్లీచింగ్ చివర తీసిన నమూనాలతో పోల్చాలి. ఒకే టెన్సైల్ వద్ద టియర్ (చింపుడుకు తట్టుకునే బలం), తడి జీరో స్పాన్, ఆమ్లంలో తెగిన చోట్ల సంఖ్య మూడూ పక్కపక్కన పెట్టాలి. బ్లో ట్యాంకు దగ్గరే తేడా కనిపిస్తే, గుజ్జును వాష్ ద్రవంతో 100 డిగ్రీల లోపుకు చల్లార్చి బయటికి తీసే ఏర్పాటు గురించి ఆలోచించాలి. తేడా బ్లీచింగ్ తర్వాతే వస్తే ఆ మధ్య ఉన్న పంపులు, మిక్సర్లతో మొదలుపెట్టి రసాయనాల మోతాదు దాకా వెతకాలి. ఈ నమూనాలను ఎండబెట్టకుండా, ఒకే రోజు పరీక్షించాలి. ఎండిన గుజ్జును ఎండని దానితో పోలిస్తే డైజెస్టర్ చేసిన నష్టమేదో, డ్రయర్ చేసిన మార్పేదో విడదీయలేం.