ఆ అమ్మాయిని మాట్లాడనివ్వాల్సింది

ఇక్కడ జర్మనీలో మన తెలుగువాళ్లు జరుపుకున్న మొన్నటి ఉగాది వేడుకలో, పంచాంగ శ్రవణం ముగిసి పిల్లల సన్మానం జరుగుతున్నప్పుడు చూసిన దృశ్యం నన్ను ఇంకా బాధిస్తూనే ఉంది. నిరుడు ఇక్కడి పాఠశాల చివరి పరీక్ష ఆబిటూర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు శాలువాలు కప్పుతున్నారు. వారిలో ఒక అమ్మాయి, తాను పర్యావరణవాద గ్రీన్స్ పార్టీ యువజన విభాగంలో పనిచేస్తున్నానని, తమ ఊరికి సాయంత్రం బస్సులు పెంచాలని పురపాలక సభ్యులను కోరుతున్నామని చెప్పబోతుండగా, పెద్దాయన ఒకరు మైకు అందుకుని, "తల్లీ, రాజకీయాలు మనకెందుకమ్మా, ముందు చదువు చూసుకో" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. సొంత మనవరాలికి చెప్పినంత ఆప్యాయంగానే చెప్పారు. చప్పట్లు మోగాయి, ఆ పిల్ల తల వంచుకుని దిగిపోయింది. నా వరుసలోని మిత్రులు మాత్రం ఆ వెంటనే అమరావతి గురించి వాదన మొదలుపెట్టి భోజనాల దాకా ఆపలేదు.

మన ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనే ఉన్న మైన్-టౌనుస్ నియోజకవర్గం నుంచి పోటీచేసిన ఆనా ల్యూర్మాన్ 2002లో గ్రీన్స్ తరఫున జర్మనీ పార్లమెంటు బుండెస్టాగ్‌కు ఎన్నికైనప్పుడు ఆమె వయసు 19 ఏళ్లు. చదువు మానేయలేదు. సభ్యురాలిగా ఉంటూనే హాగెన్ దూరవిద్యా విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చదివారు. 2009లో పార్లమెంటు వదిలి సూడాన్ వెళ్లి అక్కడ మాస్టర్స్ చేశారు. ఆ తర్వాత బెర్లిన్ హుంబోల్ట్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, స్వీడన్‌లో ప్రజాస్వామ్యాల స్థితిగతులను కొలిచే పరిశోధన సంస్థలో పనిచేశారు. 2021లో తిరిగి ఎన్నికై, విదేశాంగ శాఖలో యూరప్, వాతావరణ వ్యవహారాల సహాయ మంత్రి అయ్యారు. రాజకీయం ఆమె చదువును మింగలేదు సరికదా, ఏది చదవాలో చూపించిందని నేను నమ్ముతాను.

పెద్దల భయం నాకు తెలుసు. వీసా కాగితాలతో ఏళ్ల తరబడి అధికారుల ముందు నిలబడిన తరం అది. ఊళ్లో ఎన్నికలంటే డబ్బు, కులం, కొట్లాట అని చూసి వచ్చిన తరం. వారి జాగ్రత్తే మనల్ని ఇక్కడ నిలబెట్టింది. అయితే ఆ భయాన్ని ఇక్కడే పుట్టి, ఈ దేశపు పాస్‌పోర్టుతో పెరిగిన పిల్లల మీద మోపడం న్యాయం కాదు. 2024 జూన్ నుంచి అయిదేళ్ల నివాసంతోనే పౌరసత్వం కోరే వీలు కలిగింది. భారత పౌరసత్వం వదులుకోవాలి గనుక మనలో చాలామంది ఆగిపోతున్నాం. పౌరసత్వం లేకపోతే ఇక్కడి పురపాలక ఎన్నికలలో మనకు ఓటు లేదు, కాబట్టి మన వీధి గురించి, బస్సు గురించి, గాలి గురించి ఓటు వేయగలిగినది ఆ పిల్లలే.

నిర్వాహకులకు నా విన్నపం ఒక్కటే. రాబోయే దీపావళి కార్యక్రమంలో, ఏ పార్టీ వారైనా సరే, ప్రజాజీవితంలో ఉన్న మన పిల్లలకు కొంత సమయం కేటాయించండి. తల్లిదండ్రులారా, పురపాలక సభ సమావేశాలను ఎవరైనా కూర్చుని చూడవచ్చు. ఈసారి మీ పిల్లలు వెళతామంటే, దయచేసి మీరూ వారితో వెళ్లండి.