బోల్టు పడితే బ్రేకు పట్టినట్టు కాదు

మా ఒడిశా కోరాపుట్, రాయగడ పికప్ డ్రైవర్ల గ్రూపుల్లో నెల రోజులుగా ఒక వాయిస్ మెసేజ్ తిరుగుతోంది. మాట్లాడిందెవరో తెలీదు గానీ భాష మన తెలుగే. "బ్రేకు సామాన్లు కొత్తవి కొనడం దండగ. స్క్రాపులో అదే కంపెనీ బండివి దొరుకుతాయి, బోల్టులు సరిపోతే చాలు. గీతలు పడ్డ డ్రమ్ము లేత్ మీద గీయిస్తే కొత్తదే. లైనర్లలో మందం ఉంటే ఇంకో ఏడాది తోలుకోవచ్చు. ఆయిల్ ఏదైనా ఒకటే." ఇదీ అందులో ఉన్న మాట. డ్రమ్ము అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె, లైనరు అంటే బ్రేకు తొక్కితే దాని లోపల రుద్దుకునే పట్టీ. జయపురంలో ఇరవై రెండేళ్లుగా బళ్ల కింద పడుకుని పని చేస్తున్నాను. ఈ మెసేజ్ విని పాత సామాను సంచిలో వేసుకుని మా షెడ్డుకి వచ్చినవాళ్లు ఇప్పటికే నలుగురు.

పాత సామానంతా పనికిరాదని నేననను. కిస్తీలు కట్టుకుంటూ బండి తోలేవాడి బాధ నాకు తెలుసు. పెడల్ సెట్టు, బ్యాక్ ప్లేటు, కాలిపర్ (డిస్కు బ్రేకులో ప్యాడ్లని నొక్కే భాగం) బ్రాకెట్టు పగుళ్లు, వంకర లేకుండా ఉంటే పాతవే వేసుకోవచ్చు, నేనే చాలా బళ్లకి వేశాను. కాలిపర్ కూడా పిస్టన్ మీద తుప్పు గుంటలు లేకపోతే కొత్త సీళ్లతో బాగా పనిచేస్తుంది. మెసేజ్‌లో తప్పంతా ఆ "చాలు" అన్న మాట దగ్గరుంది.

మొన్న వానల్లో కుందులి సంతకి కూరగాయలు తోలే కుర్రాడొకడు బండి తెచ్చాడు. "బాబాయ్, ఖాళీ బండితో వస్తుంటే తడి రోడ్డు మీద బ్రేకు తొక్కాను. వెనక భాగం లోయ వైపు జారిపోయింది. రాయి అడ్డొచ్చి ఆగింది" అన్నాడు. చెబుతుంటే వాడి చేతులు వణుకుతున్నాయి. వెనక రెండు డ్రమ్ములూ ఊడదీశాను. ఎడమ వైపు పాత వీల్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో లైనర్లున్న షూలని డ్రమ్ముకి నొక్కేది) ఉంది, కుడి వైపు స్క్రాపులో కొని బిగించింది ఉంది. రంగు ఒకటే, బోల్టు కన్నాలు ఒకటే, పైపు పట్టే మర కూడా ఒకటే. లోపలి వ్యాసం వెర్నియర్ కొలత పరికరం పెట్టి చూస్తే ఎడమది 19.05 మిల్లీమీటర్లు, కుడిది 22.22. అంటే ఒకటి ముప్పావు అంగుళం, రెండోది 7/8 అంగుళం. కంటికి మూడు మిల్లీమీటర్లే. కానీ ఆయిల్ తోసేది పిస్టన్ ముఖం వైశాల్యాన్ని కాబట్టి కుడి చక్రం మీద సుమారు 36 శాతం ఎక్కువ బలం పడుతోంది. బరువున్నప్పుడు అది బయటపడలేదు. ఖాళీ బండికి వెనక పట్టు తక్కువ, పైగా తడి. ఆ ఒక్క చక్రం ముందే తిరగకుండా కట్టేసింది.

"అదే కంపెనీ" అన్నది కూడా గ్యారంటీ కాదు. ఒకే పేరున్న బండిలో ఏళ్లని బట్టి, మోసే బరువుని బట్టి బ్రేకు కొలతలు మారుతుంటాయి. 17 అక్షరాల చాసిస్ నంబరు రాసుకుని పార్టుల షాపులో అడిగితే మీ బండికి పట్టే పార్ట్ నంబరు చెబుతారు. ఆ నంబరుతో స్క్రాపుకి వెళ్లండి, నాకేం అభ్యంతరం లేదు.

డ్రమ్ము సంగతి. లేత్ మీద గీయించడం, అంటే లోపలి ముఖం చెక్కి నునుపు చేయించడం తప్పు కాదు, ఎంత గీశారన్నదే లెక్క. డ్రమ్ము మీద పోత పోసేటప్పుడే గరిష్ఠ వ్యాసం అచ్చు వేస్తారు. మట్టి పట్టి ఉంటే వైరు బ్రష్షుతో రుద్దండి, కనబడుతుంది. గీశాక కొలత ఆ అంకె దాటితే అది పాత ఇనుమే. డిస్కు అయితే కనీస మందం దాని మీదే ఉంటుంది.

మన దగ్గర ఇది ఎందుకింత ముఖ్యమో 26వ నంబరు జాతీయ రహదారి మీద సుంకి ఘాట్ దిగినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. బరువుతో కలిపి 3 టన్నుల పికప్ 500 మీటర్ల ఎత్తు దిగితే పుట్టే వేడి సుమారు యాభై లీటర్ల చన్నీళ్లని మరుగు పట్టించేంత ఉంటుంది. గేరులో దిగితే కొంత ఇంజను తీసుకుంటుంది, న్యూట్రల్‌లో దిగేవాడికి దాదాపు అంతా బ్రేకుల మీదే. పలచబడ్డ డ్రమ్ము తొందరగా కాగిపోతుంది. కాగితే వ్యాకోచించి షూలకి దూరం జరుగుతుంది, పెడల్ కిందకి దిగిపోతుంది. ఆ సమయానికి వెనక బస్తాల మీద సంత నుంచి ఇంటికెళ్లే ఆడవాళ్లు, పిల్లలు కూర్చుని ఉంటారు. నాకు నిద్ర పట్టనిది అక్కడే.

లైనర్లలో మందం ఒక్కటే చూస్తే ఏం లాభం? వేరే డ్రమ్ములో అరిగిన లైనరు ఆ డ్రమ్ము వంపుకి అలవాటు పడి ఉంటుంది. మీ డ్రమ్ములో అక్కడక్కడే తగులుతుంది. గ్రీజు గానీ ఆయిల్ గానీ పీల్చుకున్నదైతే గరుకు కాగితంతో ఎంత రుద్దినా వేడెక్కగానే మళ్లీ బయటికి కక్కుతుంది. లైనర్లు, ప్యాడ్లు, హోస్ పైపులు, సిలిండర్లలో ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు కప్పులు పాతవి కొనకండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, డ్రమ్ము దుమ్ముని కంప్రెసర్‌తో ఊదించకండి. తడి గుడ్డతో తుడవండి.

స్క్రాపు మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు తోసేది) కొత్త రబ్బరు కప్పుల కిట్టు వేస్తే చాలంటారు మరికొందరు. వానలో పడి ఉన్న సిలిండర్ లోపల గుంటలు పడితే ఆ అంచులు కొత్త కప్పుని కోసేస్తాయి.

ఇక ఆయిల్. డాట్ 3, డాట్ 4 రకం బ్రేక్ ఆయిళ్లు గాలిలోని తేమని పీల్చుకుంటాయి. డాట్ 4 కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగిపోతుంది. మూత తీసి ఏడాదిగా సీటు కింద ఉన్న డబ్బాలోది ఘాట్‌లో మరిగి ఆవిరైతే పెడల్ ఖాళీగా దిగిపోతుంది. ఇంజనాయిల్ లాంటివి పోస్తే రబ్బరు కప్పులు ఉబ్బి పాడవుతాయి.

పొట్టంగి దాటి దిగుడు మొదలయ్యే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఇంజను నడుస్తుండగా పెడల్ గట్టిగా తొక్కి అలాగే పట్టుకోండి. కాలు నెమ్మదిగా కిందకి జారుతుంటే బండి కదపకండి, వెనకవాళ్లని దింపేయండి.

ఆ కుర్రాడి బండికి రెండు వైపులా ఒకే కొలత కొత్త సిలిండర్లు వేశాం. తీసేసిన రెండూ మా బల్ల మీదే ఉన్నాయి. ఆ మెసేజ్ వినిపించేవాళ్ల చేతికిచ్చి ఏది పెద్దదో చెప్పమంటున్నాను. ఇంతవరకూ చూపుతో చెప్పినవాళ్లు లేరు.